అనంతపురం చీనీ మండీకి యాప్: పీడబ్ల్యూఏనా, క్యాపాసిటరా, రియాక్ట్ నేటివా?

అనంతపురంలో ఒక చీనీ (బత్తాయి) మండీ వాళ్లకు యాప్ కావాలి అనుకుందాం. రైతు దించిన కాయ ఎన్ని టన్నులు తూగింది, వేలంలో టన్ను ఎంత పలికింది, సూటు (తూకంలో తీసే కోత), హమాలీ, బండి బాడుగ పోను చేతికి ఎంత వస్తుంది అన్నది రైతుకు ఫోన్‌లో కనబడాలి. గుమాస్తా కాయల కుప్పను ఫొటో తీసి లెక్కకు జత చెయ్యాలి, అక్కడికక్కడే చిన్న ప్రింటర్ మీద చీటీ తీసి ఇవ్వాలి. యార్డులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. చేసి ఇచ్చేవాళ్లకు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ బాగా వచ్చు. ఫోన్ల సొంత యాప్ భాషలు కోట్లిన్, స్విఫ్ట్ రావు. కర్నూలు, కడప, అనంతపురాల్లో వెబ్‌సైట్లు చేస్తూ యాప్‌ల పనికి వచ్చేవాళ్లకు ఎదురయ్యే లెక్క ఇలాంటిదే. అందుకే ఈ ఒక్క మండీని ముందు పెట్టుకుని టూళ్లను పోలుస్తాం.

మా మాట ముందే చెప్తాం. రైతు చూసే భాగానికి పీడబ్ల్యూఏ (యాప్‌లా నడిచే వెబ్‌సైట్) చాలు. గుమాస్తా చేతిలో ఉండే భాగానికి క్యాపాసిటర్ (వెబ్ కోడ్‌ను యాప్‌గా కట్టే టూల్) కావాలి. రెండింటికీ కోడ్ ఒక్కటే. రియాక్ట్ నేటివ్ ఈ పనికి మించిన సరంజామా. క్యాపాసిటర్ లాంటిదే అయిన పాత టూల్ కార్డోవాతో కొత్త పని ఏదీ మొదలుపెట్టొద్దు.

తెరను గీసేది ఎవరు?

టూళ్ల పేర్లు చాలా ఉన్నా, ఫోన్ తెరను గీసేది ఎవరన్నది చూస్తే లెక్క తేలిపోతుంది. పీడబ్ల్యూఏలో గీసేది బ్రౌజరే. మీ వెబ్‌సైటే హోమ్ స్క్రీన్ మీద ఐకాన్‌గా కూర్చుంటుంది. టీడబ్ల్యూఏ అంటే అదే సైట్‌కు ప్లే స్టోర్ పొట్లం కట్టడం. లోపల నడిచేది క్రోమే. కార్డోవా, క్యాపాసిటర్ రెండూ మీ ఫైళ్లను యాప్ లోపలే పెట్టి వెబ్‌వ్యూలో (యాప్ లోపలి బ్రౌజర్ కిటికీ) చూపిస్తాయి. కెమెరా, బ్లూటూత్ లాంటి వాటికి ప్లగిన్ల ద్వారా వంతెన వేస్తాయి. అయానిక్ అనేది బటన్లు, జాబితాలు, మెనూల సామాను మాత్రమే. అది లేకుండా కూడా క్యాపాసిటర్ నడుస్తుంది.

రియాక్ట్ నేటివ్ జాతి వేరు. భాష జావాస్క్రిప్టే, కానీ హెచ్‌టీఎంఎల్ ఉండదు. మీరు రాసిన ట్యాగు ఫోన్ సొంత బటన్‌గా, సొంత అక్షరపు పెట్టెగా మారుతుంది. ఇన్నాళ్లూ రాసుకున్న సీఎస్‌ఎస్ ఫైళ్లు అక్కడ పనికిరావు. ఫ్లట్టర్ డార్ట్ భాషతో నడుస్తుంది. మంచి టూలే గానీ వెబ్ చేతిపనితో వచ్చేవాళ్ల పోలికలో దానికి చోటు లేదు.

పీడబ్ల్యూఏ: రైతు వైపు

కావలసినవి కొన్నే. సైట్ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. మానిఫెస్ట్ ఫైలులో పేరు, మొదలయ్యే పేజీ, స్టాండలోన్ డిస్‌ప్లే, 192, 512 పిక్సెళ్ల ఐకాన్లు ఉండాలి. ఆఫ్‌లైన్ కోసం సర్వీస్ వర్కర్ (పేజీ వెనక నడుస్తూ ఫైళ్లు దాచి ఇచ్చే జావాస్క్రిప్ట్) రాయాలి. రైతుకు వాట్సాప్‌లో లింకు పంపితే చాలు, స్టోర్‌తో పని లేదు. దిద్దుబాటు సర్వర్‌లో పెట్టిన రోజే అందరికీ చేరుతుంది.

చేరుతుంది అన్నాం గానీ, పీడబ్ల్యూఏ ఎక్కువగా దెబ్బతినేది సరిగ్గా అక్కడే. కొత్త సర్వీస్ వర్కర్ వచ్చినా, పాతది నడిపిస్తున్న పేజీలన్నీ మూసేదాకా అది వరుసలో నిలబడి ఉంటుంది. రైతు యాప్‌ను పూర్తిగా మూయడు, వెనక్కి నెట్టి వదిలేస్తాడు. మీరు సోమవారం మార్చిన తెర గురువారం దాకా పాతగానే కనబడుతుంది. 'కొత్తది వచ్చింది, నొక్కండి' అని ఒక పట్టీ చూపించి, నొక్కగానే వరుస దాటించే స్కిప్ వెయిటింగ్ పిలిచి, పేజీని మళ్లీ లోడ్ చెయ్యండి. ధరల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తెర ఆకారం, ఫాంట్లు, ఐకాన్లు క్యాష్ (ఫోన్‌లో దాచిన కాపీ) నుంచి ముందు రావచ్చు. వేలం ధర మాత్రం నెట్ నుంచే ముందు అడగాలి. నెట్ లేనప్పుడే పాతది చూపాలి, పక్కనే 'ఉదయం 10:40 నాటి ధర' అని రాసి తీరాలి. పాత ధరను నేటి ధరగా నమ్మి రైతు బండి ఎత్తితే ఆ నష్టం మీ కోడ్‌దే.

ఐఫోన్ల సంగతి వేరు. అక్కడ ఇన్‌స్టాల్ పట్టీ దానంతట అది రాదు. షేర్ బటన్ నొక్కి హోమ్ స్క్రీన్‌కు చేర్చుకోమని బొమ్మతో చూపించాలి. నోటిఫికేషన్లు 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి ఉన్నాయి, అదీ హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నవాళ్లకే. సఫారీలో ఊరికే తెరిచి వాడేవాళ్లు ఏడు రోజుల పాటు బ్రౌజర్ వాడుతూ మీ సైట్ వైపు రాకపోతే, మీరు ఫోన్‌లో దాచిన డేటాను సఫారీ తుడిచేస్తుంది. వెనకనుండి డేటా పంపే బ్యాక్‌గ్రౌండ్ సింక్ కూడా అక్కడ లేదు. పంపాల్సింది బ్రౌజర్‌లోని డేటాబేస్ ఇండెక్స్‌డ్ డీబీలో దాచి, యాప్ తెరిచినప్పుడల్లా పంపే ఏర్పాటు చేసుకోండి. అది ఆండ్రాయిడ్‌లోనూ పనికొస్తుంది. ఇంకొకటి: ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో ఇన్‌స్టాల్ కుదరదు. మండీకి కాక ధర్మవరంలో చీరల కొట్టుకు చేస్తే, లింకులు అక్కడినుంచి తెరిచేవాళ్లు ఉంటారు కాబట్టి 'క్రోమ్‌లో తెరవండి' అన్న మాట పేజీలో ఉండాలి.

'ప్లే స్టోర్‌లో కూడా కనబడాలి' అని మండీ యజమాని పట్టుబడితే టీడబ్ల్యూఏ ఉంది. బబుల్‌ర్యాప్ అనే కమాండ్ లైన్ టూల్‌కు మానిఫెస్ట్ చిరునామా ఇస్తే ప్లే స్టోర్‌కు కావలసిన ఏఏబీ ఫైలు కట్టి ఇస్తుంది. పని సగం రోజుది. తప్పు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే చోట జరుగుతుంది: యాప్ పైభాగంలో బ్రౌజర్ అడ్రస్ పట్టీ పోదు. సైట్ మీది, యాప్ మీది అని రుజువు చెయ్యడానికి సైట్‌లోని వెల్‌నోన్ ఫోల్డర్‌లో అసెట్‌లింక్స్ జేసన్ ఫైలు పెడతారు. అందులో సంతకపు తాళం షా-256 వేలిముద్ర ఉండాలి. చాలామంది తమ ల్యాప్‌టాప్‌లోని అప్‌లోడ్ తాళం వేలిముద్ర పెడతారు. ప్లే మాత్రం యాప్‌ను తన దగ్గరున్న వేరే తాళంతో మళ్లీ సంతకం చేసి జనానికి ఇస్తుంది. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో కనబడే వేలిముద్రను ఫైలులో చేర్చండి, పట్టీ పోతుంది. రెండు వేలిముద్రలూ ఒకే ఫైలులో ఉండొచ్చు. పరీక్షకూ స్టోర్‌కూ రెండింటికీ సరిపోతుంది.

క్యాపాసిటర్: గుమాస్తా వైపు

ఈ పనిలో పీడబ్ల్యూఏను ఆపేది చీటీ ప్రింటర్. మండీల్లో, కొట్లలో వాడే చవక 58 మిల్లీమీటర్ల ప్రింటర్లలో ఎక్కువ భాగం పాత తరహా బ్లూటూత్‌తో పనిచేస్తాయి. బ్రౌజర్‌లోని వెబ్ బ్లూటూత్ బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) పరికరాలతోనే మాట్లాడుతుంది. కొత్త క్రోమ్‌లలో పాత తరహాతో మాట్లాడే సీరియల్ దారి వచ్చినా, పాత ఫోన్లున్న చోట దాన్ని నమ్ముకుని గల్లాపెట్టె దగ్గర కూర్చోలేం. క్యాపాసిటర్‌లో బ్లూటూత్ సీరియల్ ప్లగిన్ వేసుకుంటే ఆ అడ్డంకి తీరుతుంది.

ప్రింటర్ దొరికినా తెలుగు అచ్చు కాదు. ఆ ప్రింటర్ల లోపల తెలుగు అక్షరాలు ఉండవు. అక్షరాలు పంపితే పిచ్చి గుర్తులు వస్తాయి. చీటీని బొమ్మగా పంపాలి. కాన్వాస్‌ను సరిగ్గా 384 పిక్సెళ్ల వెడల్పుతో తీసుకోండి, 58 మిల్లీమీటర్ల కాగితం మీద ప్రింటర్ వేసే చుక్కలు అన్నే. అక్షరం 24 పిక్సెళ్లకు తగ్గితే వత్తులు మూసుకుపోతాయి. ఫాంట్ పూర్తిగా లోడ్ అయిందని చూసుకున్నాకే గీయండి, లేకపోతే రోజులో మొదటి చీటీ ఒక్కటి వేరే ఆకారంలో వస్తుంది. ప్రతి పిక్సెల్‌నూ నలుపో తెలుపో తేల్చి, ఎనిమిదింటిని ఒక బైటుగా కట్టండి. వరుసకు 48 బైట్లు. అంతా ఒక్కసారి పంపితే చవక ప్రింటర్ బఫర్ నిండి, చీటీ సగంలో చెత్త గుర్తులు పడతాయి. ముప్పై నలభై వరుసల చొప్పున ముక్కలు చేసి, మధ్యలో కాస్త ఆగి పంపండి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ కనెక్ట్ అనుమతిని యాప్ నడుస్తుండగా అడిగి తీసుకోవాలి. పాత ప్లగిన్ అయితే అది అడగదు, యాప్ ఉన్నపళంగా మూసుకుపోతుంది. ఐఫోన్‌లో ఈ తరహా ప్రింటర్లతో మాట్లాడటం సాధారణ యాప్‌లకు కుదరదు కాబట్టి గుమాస్తా ఫోన్ ఆండ్రాయిడే అని ముందే మాట్లాడుకోండి.

మొదలుపెట్టే వరుస ఇది. ఇప్పుడున్న వెబ్ ప్రాజెక్టులో క్యాపాసిటర్ కోర్, సీఎల్‌ఐ, ఆండ్రాయిడ్ ప్యాకేజీలు ఎన్‌పీఎంతో దించుకోవాలి. ఎన్‌పీఎక్స్ క్యాప్ ఇనిట్ అంటే పేరు, ప్యాకేజీ ఐడీ అడుగుతుంది. ఆ ఐడీ స్టోర్‌లోకి వెళ్లాక మారదు, ఆలోచించి పెట్టండి. తర్వాత క్యాప్ యాడ్ ఆండ్రాయిడ్. ఆపైన ప్రతిసారీ మూడు మెట్లు: వెబ్ బిల్డ్, క్యాప్ సింక్, ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్. 'మార్చాను, కానీ ఫోన్‌లో పాతదే వస్తోంది' అంటే నడిమి మెట్టు మర్చిపోయినట్టే. తెల్ల తెర వస్తే, బిల్డ్ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే వెబ్‌డిర్ సెట్టింగ్ చూడండి. బిల్డ్ డిస్ట్ ఫోల్డర్‌లోకి పోతుంటే సెట్టింగ్ ఇంకా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అని ఉంటుంది. క్యాపాసిటర్ 7కు నోడ్ 20, జావా 21 కావాలి. పాత జావాతో ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్ గ్రేడిల్ 'సోర్స్ రిలీజ్ 21 చెల్లదు' అని ఆగిపోతుంది.

బ్రౌజర్‌లో నడిచిన లాగిన్ ఫోన్‌లో ఆగిపోవడం రెండో పెద్ద చిక్కు. యాప్ లోపల పేజీ చిరునామా ఆండ్రాయిడ్‌లో హెచ్‌టీటీపీఎస్ లోకల్‌హోస్ట్, ఐఫోన్‌లో క్యాపాసిటర్ లోకల్‌హోస్ట్. మీ సర్వర్ కంటికి అవి పరాయి సైట్లు. సర్వర్ అనుమతించే సైట్ల జాబితాలో (సీఓఆర్‌ఎస్) రెండింటినీ చేర్చాలి. కుకీల మీద నడిచే లాగిన్ ఇక్కడ తిప్పలు పెడుతుంది, టోకెన్‌కు మార్చుకోవడం మేలు. సర్వర్ ఇంకా మామూలు హెచ్‌టీటీపీ మీదే ఉంటే ఆండ్రాయిడ్ 9 నుంచి దాన్ని అడ్డుకుంటుంది. అడ్డు తీసే సెట్టింగ్ ఉన్నా వాడొద్దు, సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతోంది.

ఫొటోల దగ్గర ఫోన్ చతికిలబడుతుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉన్న ఫొటో తెరుచుకుంటే మెమరీలో 48 ఎంబీ తింటుంది. దాన్ని బేస్64గా (ఫైలును అక్షరాలుగా మార్చిన రూపం) తెచ్చుకుంటే ఫైలు కూడా మూడో వంతు పెరుగుతుంది. 2, 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో కొన్ని ఫొటోలకే యాప్ పోవచ్చు. కెమెరా ప్లగిన్‌లో ఫలితాన్ని యూఆర్‌ఐగా (ఫైలు చిరునామా) అడగండి, వెడల్పు 1280, నాణ్యత 60-70 పెట్టండి. కాయ రంగు, సైజు చూడటానికి అది చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కెమెరా తెరుచుకున్నప్పుడు మెమరీ చాలక ఆండ్రాయిడ్ మీ యాప్‌ను వెనక చంపేయగలదు. గుమాస్తా ఫొటో తీసి తిరిగొస్తే యాప్ మొదటి తెరతో మొదలవుతుంది, ఫొటో పోయినట్టు కనబడుతుంది. యాప్ ప్లగిన్‌లోని రీస్టోర్డ్ రిజల్ట్ ఈవెంట్‌ను వింటే ఆ ఫొటో చేతికొస్తుంది. కెమెరా తెరిచే ముందు ఆ లావాదేవీ వివరాలు దాచిపెట్టి ఉంచితేనే అది ఏ రైతు కుప్పదో తెలుస్తుంది.

దాచడం అంటే లోకల్ స్టోరేజ్‌లో కాదు. ఫోన్‌లో చోటు తక్కువైనప్పుడు వెబ్‌వ్యూలోని ఆ డేటాను సిస్టమ్ తుడిచేసే అవకాశం ఉంది. చిన్న సెట్టింగులు ప్రిఫరెన్సెస్ ప్లగిన్‌లో, లెక్కలు ఫోన్‌లోని డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో పెట్టండి. డబ్బు లెక్క విషయంలో దీనికి మినహాయింపు లేదు.

వెబ్‌వ్యూ పాతబడిన ఫోన్లు ఇంకా తిరుగుతున్నాయి. ఆండ్రాయిడ్ 5 నుంచి వెబ్‌వ్యూ ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతుంది, కానీ డేటా ఆదా కోసం అప్‌డేట్లు ఆపేసుకున్న ఫోన్‌లో అది ఏళ్ల నాటిది కావచ్చు. కొత్త సీఎస్‌ఎస్ వాడేముందు బిల్డ్ టార్గెట్‌ను కిందికి దించండి. ఇంకొక తాజా మార్పు: ఏపీఐ 35 (ఆండ్రాయిడ్ 15కు ఉన్న నంబరు) టార్గెట్ చేస్తే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో మీ పేజీ పైన గడియారం పట్టీ కిందికి కూడా పాకుతుంది. శీర్షిక గడియారంతో కలిసిపోతే కారణం అదే. సేఫ్ ఏరియా ప్యాడింగ్ ఇవ్వాలి.

కార్డోవా, రియాక్ట్ నేటివ్

కార్డోవాకు గౌరవం దక్కాలి. 2008లో ఫోన్‌గ్యాప్‌గా మొదలై ఈ దారిని వేసింది అదే. 2011లో అడోబీ దాన్ని కట్టిన కంపెనీని కొని, కోడ్‌ను అపాచీకి ఇచ్చింది. 2020లో అడోబీ చేతులు దులుపుకుంది. ఇప్పుడది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చేతుల మీద నడుస్తోంది. నడుస్తున్న కార్డోవా యాప్ ఉంటే రాత్రికి రాత్రి మార్చాల్సిన పని లేదు. కానీ మీరు వాడే ప్లగిన్లలో చివరి మార్పు ఎప్పటిదో చూడండి. మూడు నాలుగేళ్లుగా కదలిక లేనివి ఎక్కువుంటే క్యాపాసిటర్‌కు మారండి. కార్డోవా ప్లగిన్లు చాలావరకు క్యాపాసిటర్‌లో అలాగే పనిచేస్తాయి కాబట్టి మార్పు అనుకున్నంత కష్టం కాదు.

క్యాపాసిటర్ వెనకున్న అయానిక్ కంపెనీ 2025 ఫిబ్రవరిలో తన డబ్బు సేవలను దశలవారీగా మూసేస్తున్నట్టు చెప్పింది. ఉచితంగా ఉన్న ఫ్రేమ్‌వర్క్, క్యాపాసిటర్ కొనసాగుతాయంది. అందుకే వాళ్ల క్లౌడ్ బిల్డ్ సేవ యాప్‌ఫ్లో మీద ఆధారపడే కొత్త ఏర్పాటు ఏదీ పెట్టుకోవద్దు. బిల్డ్ సొంత ల్యాప్‌టాప్‌లోనే చేసుకోండి.

రియాక్ట్ నేటివ్ ఎప్పుడు? వేల వరుసల జాబితా ఆగకుండా జారాలి, మ్యాప్ మీద బండ్లు కదలాలి, వీడియో పాఠాలు డౌన్‌లోడ్ అవ్వాలి అంటే వెబ్‌వ్యూ తడబడుతుంది. కడపలో ఒక కోచింగ్ సెంటర్ రోజూ గంటల తరబడి వాడే పాఠాల యాప్ చేయించుకుంటే, జట్టులో రియాక్ట్ తెలిసినవాళ్లుంటే, అది సరైన ఎంపిక. రియాక్ట్ నేటివ్ పనిని సులువు చేసే టూల్ ఎక్స్‌పోతో మొదలుపెట్టండి, ఐఫోన్ బిల్డ్‌ను మ్యాక్ లేకుండా వాళ్ల క్లౌడ్‌లో చేసుకోవచ్చు. 2024 అక్టోబర్‌లో వచ్చిన రియాక్ట్ నేటివ్ 0.76 నుంచి కొత్త ఆర్కిటెక్చర్ డిఫాల్ట్ అయింది కాబట్టి, లైబ్రరీ తీసుకునే ముందు అది దానికి సిద్ధంగా ఉందో లేదో చూడాలి. వెబ్‌సైట్ కూడా కావాలంటే దానికి అదనపు పని పడుతుందని యజమానికి ముందే చెప్పండి.

ఏ టూల్ అయినా తెలుగు దగ్గర జాగ్రత్త

'ప్రొద్దుటూరు' కంటికి నాలుగు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో 12. ఊరి పేరు పెట్టెకు గరిష్ఠం 10 అని పెడితే 'ప్రొద్దుటూ' దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిష్‌కు అనుకున్న పరిమితికి మూడింతలు ఇవ్వండి. లైన్ ఎత్తు 1.6కు తగ్గితే వత్తులు కోతకు గురవుతాయి. బటన్‌కు ఎత్తు బిగించొద్దు, కనీస ఎత్తు ఇవ్వండి. రియాక్ట్ నేటివ్‌లో లైన్‌హైట్ తక్కువైతే ఆండ్రాయిడ్‌లో ఈ కోత ఇంకా స్పష్టంగా కనబడుతుంది. వెతుకు పెట్టెలో కీడౌన్ ఈవెంట్ మీద ఆధారపడితే ఫోన్ కీబోర్డులో ప్రతి అక్షరానికీ 229 అనే వస్తుంది. ఇన్‌పుట్ ఈవెంట్ వాడండి. టైపు చేసిన పేర్లలో కంటికి కనబడని జీరో విడ్త్ గుర్తు దూరుతుంది, ఒకే రైతు ఇద్దరుగా నమోదవుతాడు. పోల్చేముందు దాన్ని తీసెయ్యండి.

స్టోర్, ఖర్చు, గడువు

గూగుల్ ప్లే ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, పైగా ఎక్స్‌కోడ్ కోసం మ్యాక్. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే, కనీసం 12 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు చేరి ఉంటేనే అందరికీ విడుదల చేసే అనుమతి అడగొచ్చు. మధ్యలో ఒకరు తప్పుకుంటే లెక్క చెడుతుంది, పదిహేను పదహారు మందిని చేర్చుకోండి. సీజన్‌కు నెల ముందే ఈ పని మొదలవ్వాలి. ఖాతా మండీ పేరు మీదే తెరిపించండి, మీరు సభ్యులుగా చేరండి. రేపు మీ మధ్య మాట తేడా వచ్చినా వాళ్ల యాప్ వాళ్లదే. ఉత్త వెబ్‌సైట్‌ను చుట్టిన యాప్‌ను ఆపిల్ 4.2 నిబంధన కింద వెనక్కి పంపుతుంది. ఆఫ్‌లైన్, కెమెరా లాంటి అసలు పని ఉంటేనే పంపండి.

ఏటా తిరిగొచ్చే ఖర్చు కూడా ఉంది. ప్లే ఏటా టార్గెట్ ఏపీఐని పెంచుతుంది; 2025 ఆగస్టు 31న కొత్త యాప్‌లకు, అప్‌డేట్లకు అది 35 అయింది. క్యాపాసిటర్ యాప్‌కు ఏడాదికి రెండు మూడు రోజుల పని దీనికే పోతుందని ఒప్పందంలో రాసుకోండి. పీడబ్ల్యూఏకు ఈ బాధ లేదు. రైతు వైపును స్టోర్ బయట ఉంచమనడానికి ఇదొక ముఖ్య కారణం.

కోడ్ ఒక్కటే అన్నాం కదా, అది కుదరాలంటే మొదటి రోజే ఒక పని చెయ్యాలి. ప్రింట్, కెమెరా, స్టోరేజ్ మూడింటికీ ఒక్కో చిన్న ఫైలు రాయండి. లోపల ఈజ్ నేటివ్ ప్లాట్‌ఫామ్ (ఇప్పుడు నడుస్తున్నది యాప్ లోపలేనా) అని అడిగి, అవునంటే ప్లగిన్‌ను, కాదంటే బ్రౌజర్ దారిని పిలవండి. మిగతా తెరలేవీ ప్లగిన్ పేరు కూడా ఎత్తకూడదు. రేపు టూల్ మారినా ఆ మూడు ఫైళ్లే మారతాయి.

పరీక్ష ఎమ్యులేటర్‌లో వద్దు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అది నడిచేసరికే ప్రాణం విసుగెత్తుతుంది. చవక ఫోన్‌ను యూఎస్‌బీకి తగిలించి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో లోపాలు చూడండి. తర్వాత అదే ఫోన్ పట్టుకుని వేలం నడిచే పూట యార్డుకు వెళ్లండి. ఫ్లైట్ మోడ్ పెట్టి మూడు కుప్పలు నమోదు చేసి, ఆరు ఫొటోలు తీసి, మూడు చీటీలు వెయ్యండి. ఫోన్‌ను ఆపి మళ్లీ వెలిగించి, ఫ్లైట్ మోడ్ తీసేయండి. సర్వర్‌లో మూడు లెక్కలు, ఆరు ఫొటోలు, ఏదీ రెండుసార్లు పడకుండా కనబడితే గుమాస్తా చేతికి ఇవ్వొచ్చు.